కిటికీలోంచి నేర్పిన నూనె పని

నూనెవాణ్ణి ఎలా అయ్యాను

నన్ను నూనె పనికి పెట్టింది నా పనితనం చూసి కాదు. నేను గోదావరి గట్టు మీది వర్క్‌షాపులో చేరిన కొత్తల్లో దొరల సీమ నుంచి పీపాల్లో కొవ్వు వచ్చేది. పెద్ద యంత్రాల పళ్ళచక్రాలకు దాన్ని పూయాలి. అది ఏ జంతువు కొవ్వో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే ఒక్కరూ ముట్టుకోలేదు. హెడ్ మేస్త్రి వీరన్న గారు షెడ్డంతా కలయజూసి, మూల నిలబడ్డ నన్ను పిలిచారు.

"ఒరే దానం, మీ మతంలో దీనికి అడ్డేం లేదు కదా. ఈ పీపా సంగతి నువ్వు చూడు."

"ఆయ్, చూస్తానండి" అన్నాను. ఆ ఒక్క మాటకి నా ఉద్యోగమంతా నూనెలోనే గడిచిపోయింది.

ఇప్పుడు పని మానేసి మా పేటలో అరుగు మీద కూర్చుంటే, చర్చివాళ్ళ మిషను బడి నుంచి వర్క్‌షాపులో చేరబోయే కుర్రాళ్ళు వచ్చి, "నూనె పనిలో నేర్చుకోడానికి ఏముంటుందండీ?" అని అడుగుతున్నారు. అడగడమేమిటి, వెక్కిరించడమే. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందీ, ఏ దొర ఏమని మెచ్చుకున్నాడూ అన్నవి ఇందులో ఉండవు. నాకు హోదాలు రాలేదు, దొరలకి నా పేరు తెలియదు. నేను చెప్పదలుచుకున్నది ఒక చిన్న లేత్ సంగతి. అది వర్క్‌షాపుది కూడా కాదు. ఒక ఇంట్లో సరదాకి ఉంచుకున్న, కాలితో తొక్కుతూ ఇత్తడి ముక్కల్ని గుండ్రంగా చెక్కుకునే లేత్.

ముందు ఒక మాట చెప్పాలి. ఈ పనిలో మనిషి ఒంటరివాడైపోతాడు. నా సంగతి మరీను. కొవ్వు ముట్టిన చేతులని నాకు మంచినీళ్ళు ఎత్తి పోసేవారు. అంతకు ముందూ అలాగే పోసేవారనుకోండి, కొవ్వు వచ్చాక చెప్పుకోడానికి ఒక కారణం దొరికింది. మధ్యాహ్నం అందరూ షెడ్డు నీడన కూర్చుని తింటుంటే నేను పాత పడవల వెనక్కి పోయి చద్దన్నం మూట విప్పుకునేవాణ్ణి. పోనీ మా పేటలో మాట్లాడదామంటే, అక్కడ అందరూ పొలం పనులవాళ్ళు. మా ఆవిడ పెళ్ళయిన కొత్తల్లోనే జ్వరంతో పోయింది. "ఇవాళ బుష్ వేడెక్కిపోయింది" అని పక్కింటి పెద్దాయనతో అంటే, "ప్రార్థన చేసుకో నాయనా, తగ్గిపోతుంది" అనేవాడు. నవ్వొచ్చేది, తరవాత ఏడుపూ వచ్చేది.

పాతది తియ్యడమే పని

వీరన్న గారికి ముక్కు మీద కోపం. తిట్టకుండా ఒక్క మాట నేర్పడం ఆయన వల్ల కాదు. నేను ఒకసారి నూనె గిన్నెలో ఉన్న పాత ఆముదం మీదే కొత్త ఆముదం పోస్తుంటే వెనకనించి వచ్చి బుడ్డి లాక్కున్నారు.

"నీ మొహం మండా, దీపంలో పోస్తున్నావేంట్రా? పొయ్యడం ఎవడైనా పోస్తాడు. పాతది తియ్యి ముందు. అదిరా పని!"

ఆయన దగ్గర నేను నేర్చుకున్నదంతా ఆ తిట్టులోనే ఉంది. ఆముదం మంచి నూనె. జిగురుగా ఇనుముని పట్టుకుని ఉంటుంది, వేడికి తొందరగా జారిపోదు. కానీ వదిలేస్తే ముదిరి బంకవుతుంది. ఆ బంకలో ఇత్తడి రజను చేరితే అది ఆకురాయిలా ఇరుసుని తినేస్తుంది. దాని మీద ఎంత మంచి నూనె పోసినా దండగ. అందుకని పాతదాన్ని పూర్తిగా తీసి, కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, అప్పుడు కొత్తది పొయ్యాలి.

ఇంకొకటి. గానుగాముదమే వాడండి. ఇళ్ళల్లో గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలింది తీసే వంటాముదం తలకి మంచిదే, పసిపిల్లలకి మంచిదే. ఇనుముకి మాత్రం పనికిరాదు. ఎంత కాచినా ఎక్కడో నీటి తడి ఉంటుంది. ఇనుముకి నీళ్ళంటే గిట్టదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా కథంతా దీని మీదే నడిచింది.

లేత్‌కి ప్రాణం దాని తలలో ఉంటుంది. అక్కడ బుష్‌లనే రెండు ఇత్తడి గుల్లల్లో ఇరుసు తిరుగుతుంది. ఒక్కో బుష్ మీద చిన్న నూనె గిన్నె, అందులో నూలు ఒత్తి. ఒత్తి నూనెను పీల్చి చుక్క చుక్కగా కిందకి దింపుతుంది. ఇరుసు బాగుంటే వస్తువు గుండ్రంగా వస్తుంది. ఇరుసు పట్టేసిందంటే అది లేత్ కాదు, ఇనప సామాను.

వెంకటరత్నం గారి ఇల్లు

కాలువల ఆఫీసులో వెంకటరత్నం గారని ఒక గుమాస్తా ఉండేవారు. పాలకొల్లు అవతల కాలువ గట్టునే వాళ్ళ ఊరు. ఆయన ఒకరోజు వీరన్న గారి దగ్గరికొచ్చి ఇంట్లో లేత్ పాడైంది, ఒక మనిషిని పంపమని అడిగారు. వీరన్న గారు నన్ను చూపించారు. గుమాస్తా గారు నన్ను ఎగాదిగా చూసి, "ఇతనేనా?" అన్నారు.

"నూనె పనికి ఇతనేనండి. వేరేవాడు కావాలంటే లేత్‌ని ఇక్కడికి మోయించుకు రండి" అన్నారు వీరన్న గారు. నా తరఫున ఆయన మాట్లాడింది అదొక్కసారే.

పడవలో వెళ్ళాను. లాకుల దగ్గర పడవ ఆగినప్పుడల్లా, ఆ ఇంట్లో లేత్ వాడేది గుమాస్తా గారే అయ్యుంటారు, వేళ్ళకి ఇంకు మరకలు తప్ప నూనె మరకలు లేవేంటా అనుకున్నాను. అక్కడికి వెళ్ళాక తెలిసింది. లేత్ వాళ్ళ అన్నగారిది. ఆయన కాలువల మీద ఓవర్సీరు. తన దేశానికి వెళ్ళిపోతున్న దొర దగ్గర ముచ్చటపడి కొనుక్కున్నారు. ఆయనకి ఒక కాలు అవిటిది. అందుకని ఆయన ఉలి పట్టుకుంటే భార్య పక్కన నిలబడి లేత్‌ని తిప్పే కాలి పలక తొక్కేదిట. అలా చూసి చూసి ఆవిడకీ పని వచ్చింది. ఆయన పోయాక కూడా ఆవిడ మానలేదు.

"మా వదిన. ఏదో సరదా. భరిణెలూ, గంటలూ, చిన్న చిన్న ఇత్తడి సామాన్లు చేస్తుంది" అన్నారు వెంకటరత్నం గారు, కాస్త సిగ్గుపడుతూ.

నన్ను ఇంట్లోకి రానివ్వరు కదా. పాలేర్లు లేత్‌ని మోసుకొచ్చి పెరట్లో పశువుల కొట్టం వసారాలో దింపారు. ఇంటి పెద్దావిడ, అంటే వెంకటరత్నం గారి తల్లి, వెనక గుమ్మంలో పీట వేసుకుని కాపలా కూర్చున్నారు. నేను తల విప్పి బుష్‌లు బయటపెట్టేసరికి ఆవిడకి భయం పట్టుకుంది.

"ఏంట్రా అబ్బీ, అన్ని ముక్కలు చేశావు? మళ్ళీ అతికిస్తావా, లేదా?"

"అతికిస్తానండమ్మా."

"ఆ మాట నీకే నమ్మకంగా ఉందా?"

ఆవిడ నోరు అలాంటిది. నాకు ఆవిడ మీద పెద్ద కోపమేమీ రాలేదు. పాత నూనె బంక గట్టిందంతే. కడిగి, తుడిచి, కొత్తది పోశాక ఇరుసు వేలితో తోస్తే తిరిగింది. ఇంటి గోడకున్న చిన్న చెక్క కిటికీ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. నేను తలెత్తలేదు. పని అయ్యాక ఆ కిటికీ వైపు తిరక్కుండానే, "ఇంక తొక్కుకోవచ్చండి" అని గాలితో చెప్పి వచ్చేశాను.

తుప్పు

నెల తిరక్కుండా గుమాస్తా గారు మళ్ళీ వచ్చారు. ఈసారి వీరన్న గారి ముందే నా మీద విరుచుకుపడ్డారు. నేను బాగుచేసి వచ్చాక అంతకుముందు కన్నా అధ్వాన్నమైందిట, ఇరుసు పూర్తిగా పట్టేసిందిట. నాకు తల కొట్టేసినట్టయింది. వీరన్న గారు ఆయన ముందు ఏమీ అనలేదు, ఆయన వెళ్ళాక అనాల్సినవన్నీ అన్నారు.

మళ్ళీ వెళ్ళాను. విప్పి చూస్తే ఇరుసు నిండా ఎర్రటి తుప్పు. గిన్నెలో నేను పోసిన ఆముదం మజ్జిగలా తెల్లగా విరిగిపోయి ఉంది. నీళ్ళు కలిస్తేనే అలా అవుతుంది. వాన జల్లు కొట్టిందేమోనని అడిగితే, లేత్ ఉన్న గది కారదన్నారు. ఏమీ అర్థం కాలేదు. తుప్పు గీకి, నూనె పోసి, బాగుచేసి వచ్చాను. మళ్ళీ అదే గతి పట్టింది.

మూడోసారి వెళ్ళినప్పుడు వెంకటరత్నం గారు వసారాలోకి వచ్చి నిలబడ్డారు.

"ఇదే ఆఖరు. ఈసారి పట్టేసిందంటే కమ్మరివాడికి ఇచ్చేస్తాను, కరిగించుకుంటాడు. ఇంట్లో అందరూ దాన్ని అపశకునం అంటున్నారు. అన్నయ్య వస్తువు అన్నయ్యతోనే పోయిందనుకుంటాం" అని లోపలికి వెళ్ళిపోయారు.

నేను గిన్నె అడుగున వేలు పెట్టి తీస్తే పచ్చగా ఏదో బురద వచ్చింది. వాసన చూశాను. పసుపు. ఇదేంటి, నూనె గిన్నెలోకి పసుపు ఎక్కడిది అనుకుంటూ ఉంటే, పెద్దావిడ పొయ్యి మీది పాలు చూసుకోడానికి లోపలికి వెళ్ళారు. అప్పుడు కిటికీ వెనకనించి మెల్లగా ఒక గొంతు వినిపించింది.

"నీ తప్పేం లేదయ్యా. నువ్వు వెళ్ళాక పసుపు నీళ్ళతో కడిగిస్తున్నారు."

నాకు మొదట అర్థం కాలేదు. "ఎందుకండీ?" అన్నాను.

అడిగాక నాకే అర్థమైంది.

నేను ముట్టుకున్నానని. లేత్ మళ్ళీ ఇంట్లోకి వెళ్ళాలంటే శుద్ధి చెయ్యాలి. చెంబులకొద్దీ పసుపు నీళ్ళు దాని తల మీదనించి పోసేవారు. అవి నూనె కన్నాల్లోంచి బుష్‌లలోకి దిగేవి. నా చేతి అంటు పోయేది, ఇనుముకి తుప్పు పట్టేది.

"నేను చెప్పాను. నీళ్ళు తగిలితే పాడవుతుందని చెప్పాను. ఇనుముకి మాత్రం మడి ఉండద్దా అన్నారు అత్తగారు" అందావిడ.

ఒళ్ళు మండిపోయింది. మూడుసార్లు కాలువ మీద పడి వచ్చాను, వీరన్న గారి చేత తిట్లు తిన్నాను, చేతకానివాణ్ణనిపించుకున్నాను. ఇందుకా! సామాన్లు సంచీలో పడేసుకుని లేచాను. కరిగించుకోనీ, నాకేం? ఇంతకన్నా దానికి అదే నయం అనుకున్నాను.

"వెళ్ళిపోతున్నావా?" అంది గొంతు. నేను సంచీ భుజాన వేసుకున్నాను. "నీకు కోపం రావడంలో న్యాయం ఉంది. కాదనను. కానీ అది పోతే నాకింక ఏం లేదయ్యా. పొద్దున్న లేస్తే ఏం చెయ్యాలో కూడా తెలియదు."

ఆ మాట నేను చెప్పుకోవలసిన మాట. నా లోపల ఉన్నది ఎవరో కిటికీ వెనకనించి అనేసినట్టయింది. సంచీ కింద పెట్టేశాను.

"అమ్మగారూ, నేను ముట్టుకుంటేనే కదండీ కడుగుతారు? నేను ముట్టుకోను. ఇవాళ నూనె మీరే మార్చండి. నేను ఇక్కడినించి చెబుతాను."

చెవితో చూడటం

పెద్దావిడ ముందు ససేమిరా అన్నారు. తరవాత ఆలోచించి, "వాడు ముట్టుకోకుండా, నువ్వు బయటికి రాకుండా అయితే సరే. నేనిక్కడే కూర్చుంటాను" అన్నారు. పాలేర్లు లేత్‌ని గదిలోకి చేర్చారు. దారిలో దాని మీద ఆఖరిసారి నీళ్ళు పడ్డాయి. నేను చూస్తూ నిలబడ్డాను.

కిటికీ తలుపులు దగ్గరగా వేసి ఉంటాయి. ఇవతల పెరట్లో నేను, అవతల గదిలో ఆ గొంతు మనిషి, గుమాస్తా గారి వదిన శేషమ్మ గారు, నడుమ గుమ్మంలో జపమాల తిప్పుకుంటూ పెద్దావిడ. నాకు లేత్ కనిపించదు. ఆవిడ చేతులు కనిపించవు. చప్పుడొక్కటే ఆధారం. వర్క్‌షాపులో ఎప్పుడూ నాకీ పరీక్ష రాలేదు.

"ముందు ఒత్తులు తీసేయండి. పాతవి మళ్ళీ వాడద్దు."

"తీశాను."

"పైన మూతకి రెండు మరలున్నాయి కదండీ, సమంగా వదులు చెయ్యండి. ఒకటి పూర్తిగా తీసి రెండోది తియ్యడం కాదు. ఇటు కాస్త, అటు కాస్త."

కీచుమని మర కదిలిన చప్పుడు వచ్చింది. ఒక వైపు ఎక్కువ తిరిగింది. "రెండో మర దగ్గరికి వెళ్ళండి" అన్నాను. లోపల చప్పుడు ఆగింది. "నీకెలా తెలిసింది?" అందావిడ. పెద్దావిడ జపమాల తిప్పడం ఆపి నన్ను అనుమానంగా చూశారు, నేను గోడలోంచి చూస్తున్నానేమోనని.

మూతలు లేచాయి. మూత కింద బిగువు సరిచేసే సన్నని రేకు ముక్కలుంటాయి, వాటిని ఏ వైపువి ఆ వైపు పెట్టుకోమన్నాను. తుప్పు గీకడానికి పొడి బూడిద, పాత గుడ్డ చాలన్నాను. కొత్త గుడ్డ అయితే నూలు పోగులు బుష్‌లో చిక్కుకుంటాయి. కిరసనాయిలు పోసి, చేత్తో తిప్పి, నల్లటి నీరు రావడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యమన్నాను. ఆవిడ తొందరపడలేదు. మా షెడ్డులో మగవాళ్ళు ఈ పనికి విసుక్కుని సగంలో వదిలేస్తారు.

ఆముదం గుడ్డలో వడగట్టి పోసి, మూతలు బిగించి తొక్కితే, లోపలనించి టకటకమని చప్పుడు మొదలైంది. "ఆపండి" అన్నాను. "ఎడమవైపు రేకులు కుడివైపు పడ్డాయండి."

లోపల పలక ఆగింది. తరవాత మెల్లగా, "నిజమే" అంది.

మళ్ళీ విప్పి బిగించింది. ఈసారి తొక్కితే చప్పుడు లేదు. చక్రాన్ని తిప్పే తోలు పట్టా సరసరమనడం, పలక కిందకీ పైకీ ఆడటం, అంతే. "చెయ్యి బోర్లించి మూత మీద పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. కాలితే బిగువైనట్టు" అన్నాను.

"గోరువెచ్చగా ఉందయ్యా" అంది. గొంతులో ఏదో తేడా. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు.

పెద్దావిడ లేచి, "అయిందా? అయితే వెళ్ళు" అన్నారు. ఆవేళ పని అయ్యాక ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. కమ్మరివాడి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మాటలు

అప్పట్నించి పంట పంటకీ ఒకసారి వెళ్ళేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆవిడకి నా అవసరం తొందరలోనే తీరిపోయింది. నూనె మార్చడం, ఒత్తులు పేనడం, ఉలిని ముందుకీ వెనక్కీ జరిపే స్లైడు వదులు బిగువు చూసుకోవడం, అన్నీ వచ్చేశాయి. అయినా కబురొచ్చేది, నేనూ వెళ్ళేవాణ్ణి.

ఏం మాట్లాడుకునేవాళ్ళం? నూనె గురించే. చలికాలం పొద్దున్న ఆముదం చిక్కబడితే ఆవిడ బుడ్డిని ఎండలో పెట్టి వాడేది. ముసురు రోజుల్లో లేత్ బెడ్ మీద, అంటే దాని ఇనప దూలం మీద, చెమ్మ దిగకుండా నూనె గుడ్డ కప్పేది. నేను వర్క్‌షాపులో కొత్తగా వస్తున్న సీమ డబ్బా నూనె సంగతి చెప్పేవాణ్ణి. దాన్ని ఆముదంలో కలపకూడదు, రెండూ పొసగవు, అడుగున ముద్దలా దిగుతుంది. ఒక దొర ఆ మాట చెవిన వేసుకోక పెద్ద యంత్రం బుష్‌లు కాల్చేశాడని చెబితే ఆవిడ గట్టిగా నవ్వింది. పెద్దావిడ, "ఏంటా నవ్వు?" అన్నారు.

"యంత్రం కాలిపోయిందిట అత్తయ్యా."

"దానికి నవ్వేంటే?"

ఒకసారి నా నూనె బుడ్డి మూతి వంకర పోయిందని చెప్పాను. మళ్ళీ వెళ్ళేసరికి కిటికీ గట్టు మీద సన్నని ఇత్తడి మూతి పెట్టి ఉంది. ఆవిడ చేసింది. చివర సూది మొనంత కన్నం. ఆవిడ కిటికీ దగ్గరనించి జరిగిన చప్పుడయ్యాక నేను వెళ్ళి తీసుకున్నాను. అలాంటి పనివాళ్ళు మా వర్క్‌షాపులో ఇద్దరో ముగ్గురో ఉండేవారు. ఆవిడకి ఆ సంగతి చెబితే నమ్మలేదు. నమ్మడానికి ఆవిడ వాళ్ళని చూసిందా, వాళ్ళు ఆవిడని చూశారా?

పడవలో తిరిగి వస్తున్నప్పుడు నాకు దిగులు ముంచుకొచ్చేది. ఈ భూమ్మీద నా పని గురించి నాతో మాట్లాడే మనిషి ఒక్కరే. ఆ మనిషి ముఖం నేను చూడలేదు, చూడకూడదు. ఆవిడకీ అంతే. ఆ ఇంట్లో అందరూ ఉన్నారు, లేత్ పాడయితే ఎక్కడ పాడయిందో చెప్పుకోడానికి మాత్రం ఎవరూ లేరు. ఇందులో ఎవరైనా వేరే అర్థం తీస్తే వాళ్ళ పాపం వాళ్ళది. ఒంటరితనం తెలిసినవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆఖరిసారి

నేను పని మానేసే ముందు కబురొచ్చింది. అప్పటికి పెద్దావిడ కాలం చేశారు. వెంకటరత్నం గారికి సామర్లకోట వైపు బదిలీ అయి సంసారాన్ని తీసుకుపోయారు. ఆ ఇంట్లో శేషమ్మ గారూ, వంటకి సాయం వచ్చే ఒక ముసలావిడా మిగిలారు. ఆవేళ ఆ ముసలావిడ కూడా లేదు.

"లొడలొడలాడుతోంది దానం. రేకులు తీసి చూశాను. పట్టు రావడం లేదు" అందావిడ కిటికీలోంచి. గొంతు సన్నబడిపోయింది.

తొక్కమని విన్నాను. బుష్ అరిగిపోయింది. మూత కిందికి దింపితే సరిపోయే దశ దాటిపోయింది. ఇరుసుకి మసి రాసి, బుష్‌లో పెట్టి తిప్పి, మసి అంటినచోట కాస్త కాస్త గీకుతూ, మళ్ళీ పెట్టి చూస్తూ కూర్చోబెట్టాలి. అది వేళ్ళకి తెలిసే పని. మాటలతో నేర్పేది కాదు. బయటికి మోయించడానికి పాలేర్లు లేరు. ఆ ముక్కే చెప్పాను.

తరవాత పెరటి గుమ్మం గడియ తీసిన చప్పుడయింది.

"లోపలికి రా దానం."

"వద్దులెండి అమ్మగారూ" అన్నాను.

"ఇది ఆగిపోతే నాకింక పొద్దు పోదు. రా."

కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాను. ఆవిడ గదిలో ఆ చివర గోడకి ఆనుకుని నిలబడింది. తల మీద తెల్లని ముసుగు. చిన్న మనిషి. గొంతుని బట్టి ఇంకా పొడుగ్గా ఉంటుందనుకున్నాను. ఒక్కసారి చూసి తల దించేసుకున్నాను. మళ్ళీ చూడలేదు.

లేత్ మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్ళూ చెవితో చూసిన లేత్. తుప్పు చుక్క లేదు. బెడ్ అద్దంలా ఉంది. నూనె గిన్నెలు కడిగినట్టు ఉన్నాయి. నేను ఏదైతే చెప్పానో అదంతా, ఒక్కటీ వదలకుండా చేసింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇనుము మీద పడతాయేమోనని పక్కకి తిరిగి తుడుచుకున్నాను.

సాయంత్రం దాకా గీకాను. ఆవిడ కూర్చోలేదు, వెళ్ళలేదు. మధ్యలో ఒకసారి, "మసి అంటినచోటే గీకుతున్నావు, కదూ?" అంది. "అవునండి" అన్నాను. ఆ పనీ చూసి నేర్చుకుంటోందని అర్థమైంది. చివరికి ఇరుసు కూర్చుంది. కొత్త ఒత్తులు పెట్టి, గానుగాముదం పోసి, వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది. ఇది నా చేతి మీద ఆఖరి పని అని చెప్పాను. ఉద్యోగం అయిపోయిందన్నాను.

"మరి నీకు పొద్దెలా పోతుంది?" అంది.

దణ్ణం పెట్టి వచ్చేశాను. గుమ్మం మూసుకుంది.

గోడ దాటి సందులోకి వచ్చాను గానీ పడవ రేవు వైపు వెళ్ళలేకపోయాను. నేను ముట్టుకున్నాను. ఇప్పుడు నీళ్ళు పొయ్యడానికి ఆ ఇంట్లో ఉన్నది ఆవిడొక్కతే. పోస్తుందా? పొయ్యదని నాకు తెలుసు. తెలిసీ, గోడకి చెవి పెట్టి నిలబడ్డాను. ముసలివాణ్ణి, దొంగలాగ.

లోపల చెంబు ముంచిన చప్పుడు వినిపించింది. నీళ్ళు పడ్డాయి. ఇంకో చెంబు.

గోడ అడుగున తూములోంచి ఆ నీళ్ళు బయటికి వచ్చి నా కాళ్ళ ముందునించి పారాయి. పచ్చగా ఉన్నాయి. వంగి చూశాను. అప్పుడే ఆముదం పోసిన లేత్ మీదనించి దిగిన నీళ్ళయితే పైన నూనె కళ్ళు కళ్ళుగా తేలాలి. వాటి మీద ఒక్క నూనె కన్ను లేదు. అవి నేల కడిగిన నీళ్ళు. నేను నిలబడిన చోటూ, నడిచి వచ్చిన దారీ కడిగింది. లేత్ మీద ఒక్క చుక్క పడనివ్వలేదు.

కాసేపటికి పలక తొక్కిన చప్పుడు వచ్చింది. ఇరుసు హాయిగా తిరుగుతోంది. చీకటి పడేదాకా విని, రేవుకి నడిచాను. నా చెయ్యి పడ్డ ఇనుముని ఆవిడ కడగలేదు, నా కాలు పడ్డ నేలని కడగకుండా ఉండలేకపోయింది. దానికి సంతోషించాలో ఏడవాలో ఆవేళ పడవలోనూ తేలలేదు, ఇప్పుడూ తేలడం లేదు.